గేరుబాక్సు మడి

మాది తెనాలి పక్కన అంగలకుదురు. ఊళ్ళో మాదిగపల్లె. పుట్టింది తోలుపని ఇంట్లో, బతికింది ఇనుప పనితో. తోలుకీ ఇనుముకీ ఏం సంబంధం అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. సంబంధం ఉంది. అది చెప్పటానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను రాతగాణ్ణి కాదు. గేరుబాక్సులు విప్పి బిగించేవాణ్ణి. అందులోనూ ఆటోమేటిక్ గేరుబాక్సులు. క్లచ్చి పెడలు లేకుండా, గేరు దానంతటదే పడే కార్లున్నాయి గదా, వాటివి.

మా అయ్య చచ్చిన గొడ్డుని మోసుకొచ్చి, తోలు వొలిచి, సున్నంలో నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్కతో ఊనేవాడు. ఆ వాసనకి పెద్దూరి వాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. ఆ తోలుతో కుట్టిన చెప్పులేసుకుని మాత్రం చేలగట్ల మీద టకటకా నడిచేవాళ్ళు. వెన్ను మీది తోలు గట్టిది, చెప్పు అడుక్కి పనికొస్తది. పొట్ట తోలు సాగుద్ది, బరువు మొయ్యదు. తోలు ఏ వాటంగా కోస్తే ఎట్లా వంగుతుందో మా అయ్యకి చేత్తో తడిమితే తెలిసేది. ఆరె, రంపె, గూటం. ఇవే ఆయన పుస్తకాలు. బోరింగు పంపుల్లోకి తోలు వాచర్లు కూడా కోసేవాడు. నానబెట్టిన తోలుని చెక్క అచ్చులో గిన్నెలాగా నొక్కి, ఆరబెట్టి, ఆముదం పట్టించేవాడు. ఆ గిన్నె పైకి లేస్తుంటే అంచులు గొట్టానికి అదుముకుని నీళ్ళని పైకి మోస్తయ్. కిందకి దిగేటప్పుడు అంచులు వదులై జారతయ్. మా అయ్య కోసిన వాచరు మీద నీళ్ళొచ్చిన బోరింగు దగ్గర మా అమ్మ బిందె పెట్టటానికి లేదు. ఎవరన్నా కొట్టి పోస్తే పట్టుకోవాల్సిందే.

చాలా ఏళ్ళకి ఆటోమేటిక్ గేరుబాక్సు విప్పితే లోపల పిస్టను మీద అదే గిన్నె కనిపించింది నాకు. తోలుది కాదు, రబ్బరుది. పని మాత్రం అదే. నూనె ఒత్తిడికి అంచు విచ్చుకుని గోడకి అదుముకోవాలి. రబ్బరు సీల్సు రాకముందు పాత బళ్ళల్లో ఆయిలు సీల్సు తోలువే. మొదటి కాలం కార్లలో కోన్ క్లచ్చి ఉండేది. దానికి పట్టు కోసం వేసింది కూడా తోలే. ఆ తోలు గట్టిపడకుండా గొడ్డు కాళ్ళ ఎముకల్నించి తీసిన నూనె పట్టించేవాళ్ళు. అంటే దొరలు కారెక్కి ఊరేగిన మొదటి రోజుల్లో ఇంజను బలాన్ని చక్రాలకి అందించింది చచ్చిన గొడ్డు తోలు. ఈ సంగతి ఆటోమొబైల్ పాఠాల్లో ఒక లైనులో ఉంటది. ఆ తోలు ఊనినవాడు ఎవడన్నది ఏ పాఠంలోనూ ఉండదు.

1989లో పదో తరగతి అయ్యాక తెనాలిలో ఒక షెడ్డులో చేరాను. ఆ షెడ్డు పేరు అనవసరం. అప్పట్లో అన్ని షెడ్లూ ఒకటే. పొద్దున ఊడవటం, కిరసనాయిలుతో సామాన్లు కడగటం, టీ తేవటం. టీ గ్లాసులు మేస్త్రీకీ మిగతా కుర్రాళ్ళకీ బల్ల మీద. నా గ్లాసు గోడ మీద. నాకు పేరుండేది కాదు. "ఒరే అంగలకుదురూ" అని పిలిచేవాళ్ళు. మా ఊళ్ళో పెద్దకులాల వాళ్ళు కూడా ఉన్నారు గదా, వాళ్ళనెవరూ ఊరి పేరుతో పిలిచేవాళ్ళు కాదు.

ఒకటి మాత్రం కనిపెట్టాను. బరువు పని, మురికి పని ఉన్నంతసేపూ నేను పక్కనుండాలి. టైమింగు పెట్టేటప్పుడో, గేరుబాక్సులో సర్దుబాటు చేసేటప్పుడో మేస్త్రీకి టీ గుర్తుకొచ్చేది. "పోయి టీ పట్రా" అనేవాడు. నేనొచ్చేసరికి మూత బిగించి ఉండేది. చెవుల్లో సీసం పొయ్యటం పాతకాలం మాట. కొత్తకాలంలో టీకి పంపుతారు.

1991 ఆగస్టు 6న చుండూరులో మావాళ్ళని ఎనిమిదిమందిని చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. దానికి మొదలెక్కడో ఈ తరం పిల్లలకి తెలియాలి. సినిమాహాల్లో ఒక చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు కుర్చీలో వాడికి తగిలింది. తగలటమే నేరం. తాకటమే నేరం. ఊళ్ళో ఉండలేక వచ్చేసినవాళ్ళు తెనాలిలో తలదాచుకున్నారు. నేను షెడ్డు నించి పోయి వాళ్ళని చూసొచ్చాను. మర్నాడు మేస్త్రీ, "మీవాళ్ళు బాగా ముదిరార్రా" అన్నాడు. నా చేతిలో ఇరవై నాలుగో నంబరు రెంచి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ కేసులో 2007 జూలై 31న చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. ఎనిమిదిమంది చచ్చిపోయిన మాట నిజం, చంపినవాళ్ళు మాత్రం ఎవరూ లేరన్నమాట.

1993లో బెజవాడ పోయి జవహర్ ఆటోనగర్‌లో పడ్డాను. అది వేరే లోకం. లారీల ఊరు. కమ్మరి, తురక, మాల, మాదిగ, రాయలసీమ వాడు, ఒరిస్సా వాడు, అందరి చేతులకీ ఒకటే నలుపు. అక్కడ కులం లేదని చెప్పను. అద్దెకి ఇల్లు అడిగితే అక్కడా అడుగుతారు. కానీ పని దగ్గర నాకొక ఉస్తాద్ దొరికాడు. ముసల్మాను. ఆటోమేటిక్ గేరుబాక్సులు విప్పటం తెలిసినవాళ్ళు ఆ రోజుల్లో మా వైపు వేళ్ళ మీద లెక్క. వాళ్ళలో ఆయనొకడు. మూడో నెలలో నన్ను పిలిచి, "బేటా, చేతులు సబ్బుతో కడుక్కుని రా. గోళ్ళలో కూడా" అన్నాడు. కడుక్కునొచ్చాక గేరుబాక్సు మూత నా ముందే తీశాడు. ఎక్కడికీ పంపలేదు. టీ ఆయనే తెప్పించాడు.

ఆ పెట్టెలో ఏముంటుందో విద్యార్థులకి చెప్పాలి. మామూలు గేరుబాక్సులో క్లచ్చి ప్లేటు ఇంజను చక్రానికి అతుక్కుని తిరుగుద్ది. ఆటోమేటిక్‌లో ఇంజనుకీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ అనే గుమ్మడికాయంత డబ్బా ఉంటది. లోపల రెక్కల చక్రాలు, నిండా నూనె. రెండు టేబులు ఫాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది తిరిగినట్టు, ఇంజను వైపు రెక్కలు నూనెని విసురుతయ్, ఆ విసురుకి ఇటువైపు రెక్కలు తిరుగుతయ్. ఒకదాన్నొకటి తాకవు. ఉస్తాద్ ఇది చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. తాకకుండా పని చేయించుకోవటం ఈ దేశానికి కొత్తా? అయితే ఇందులో ఇంకో ముక్క ఉంది. తాకకపోతే కొంత బలం నూనెలోనే వేడై పోతుంది. అందుకని బండి వేగం అందుకున్నాక లోపల లాకప్ క్లచ్చి పడి రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. నష్టం లేకుండా సాగాలంటే తాకక తప్పదు. ఈ మాట యంత్రానికి తెలుసు.

తర్వాత గేర్లు. మధ్యలో సన్ గేరు, దాని చుట్టూ తిరిగే ప్లానెట్ గేర్లు, వాటిని చుట్టి రింగు గేరు. ఇవి ఎప్పుడూ ఒకదాంట్లో ఒకటి కూర్చునే ఉంటయ్, పక్కకి జరగవు. మరి వేగం ఎట్లా మారుద్ది? ఒకదాన్ని కదలకుండా కట్టేస్తారు. రింగుని కట్టేస్తే ఒక వేగం, సన్ను కట్టేస్తే ఇంకో వేగం, ప్లానెట్లని మోసే చట్రాన్ని కట్టేస్తే వెనక్కి తిరుగుడు. దేన్నీ కట్టెయ్యకపోతే బండి కదలదు. ఏ రెండింటినైనా కలిపి బిగిస్తే మొత్తం ఒకే ముద్దగా ఇంజనుతో సమానంగా తిరుగుతుంది. కట్టేసే పని క్లచ్చి ప్లేట్లది. వాటిని నొక్కేది నూనె ఒత్తిడి. ఎప్పుడు దేన్ని నొక్కాలో దారి చూపేది వాల్వ్ బాడీ. సాలెగూడులాంటి సన్నటి కాలవలున్న అల్యూమినియం పలక అది. మా డెల్టాలో కాలవలు, లాకులు చూసినవాడికి వాల్వ్ బాడీ అర్థం కాకపోవటమంటూ ఉండదు. ఏ లాకు ఎత్తితే ఏ చేనికి నీళ్ళు పోతయ్యో అదే లెక్క. ఎవరిని కట్టేసి ఎవరు ముందుకు పోతున్నారన్నది కూడా మనకి తెలియని లెక్క కాదు.

ఈ విద్య అమెరికా కంపెనీలు పెద్ద ఎత్తున అమ్మింది 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కార్ల నించి. హైడ్రామాటిక్ అని పేరు పెట్టారు. అంతకు ముందే 1932లో రిచర్డ్ స్పైక్స్ అనే నల్లజాతి మనిషి ఆటోమేటిక్‌గా గేరు మార్చే పద్ధతికి అక్కడ పేటెంటు తీసుకున్నాడు. 1972లో బొంబాయిలో మనవాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అమెరికా నల్లవాళ్ళని చూసే గదా. వాళ్ళ పోరాటాలు చదివాం, కవిత్వం చదివాం. వాళ్ళ మెకానిక్కుల గురించి కూడా చదవాలని నేనంటాను.

2003లో అయ్యకి ఊపిరితిత్తులు చెడి ఊరికొచ్చేశాను. తెనాలిలో షెడ్డు పెడదామని రెండు మూడు చోట్ల స్థలం అడిగాను. అడ్వాన్సు మాట్లాడుకోవటం అయ్యాక, "ఇంతకీ మీరెవరు?" అనేవాళ్ళు. చెప్పాక, "మా తమ్ముడికి ఇద్దామనుకుంటున్నాం" అనేవాళ్ళు. అందరికీ తమ్ముళ్ళే. చివరికి మా ఇంటి ముందు వేపచెట్టు కిందే పని మొదలుపెట్టాను.

2004 ఎండాకాలంలో ఒక కారొచ్చింది. జపాను మోడలు, నాలుగు స్పీడ్ల ఆటోమేటిక్. పెద్దకులం ఆయన, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఇంజనీరు. కొడుకు అమెరికాలో ఉండి కొనిపెట్టాడు. బండి మూడో గేరు పడక, ఇంజను అరుస్తూ అక్కడే ఉంటోంది. డిప్‌స్టిక్కు లాగి చూశాను. ఆటోమేటిక్ నూనె ఎర్రగా, దానిమ్మ రసంలాగా ఉండాలి. ఇది తెనాలి సోడాషాపులో రోజ్‌మిల్క్‌లాగా ఉంది. చూడగానే తెలిసింది. ఆ నూనెని చల్లార్చే గొట్టం రేడియేటరు తొట్టిలోనుంచే పోతుంది. కూలెంటు పొయ్యకుండా ఉప్పు బోరు నీళ్ళు పోసీ పోసీ లోపలి గొట్టం తుప్పుపట్టి చిల్లిపడింది. నీళ్ళు నూనెలోకి పోయినయ్. క్లచ్చి ప్లేట్ల మీదుండే పూత కాగితంలాంటిది. నీళ్ళు తగిలితే బంక వదిలి పెచ్చులూడిపోద్ది. కంపెనీ మనుషులు విప్పే పనే లేదు, గేరుబాక్సు మొత్తం మార్చాలి, లక్ష దాటుతుందని చెప్పారట. నేను సామాను ఖర్చు కాక కూలి పద్దెనిమిది వేలు చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు. పల్లెలోకి మాత్రం రాలేదు. రోడ్డు మీదే దిగి, తాళం డ్రైవరు చేత పంపించాడు. బండిని మా పిల్లలు తోసుకొచ్చారు.

దించటానికి మూడు రోజులు. చెట్టుకొమ్మకి చైన్‌పుల్లీ కట్టి ఇంజనుని పైనుంచి వేలాడదీశాను. ఇరుసులు లాగి, స్టార్టరు మోటారు విప్పి, ఆ సందులోంచి ఇంజనుని చేత్తో కొంచెం కొంచెం తిప్పుకుంటూ కన్వర్టర్ బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాను. గేరుబాక్సు, కన్వర్టర్ కలిసే దిగాలి. ఒక నిండు బస్తా బరువు. కింద పాత లారీ టైర్లు పరిచి, జాకీ మీద వేలు వేలుగా దింపాం. నలుగురు కుర్రాళ్ళు పట్టుకున్నారు. వాళ్ళలో ఒకడు ఆ ఏడే ఇంటరు ఫెయిలయ్యాడు. "అన్నా, ఇందులో ఇంత లెక్కుందా" అన్నాడు. ఉంది.

ఇక అసలు సంగతి. ఆటోమేటిక్ గేరుబాక్సుకి కావాల్సింది శుభ్రం. మామూలు శుభ్రం కాదు. వాల్వ్ బాడీలో వాల్వు వెంట్రుకంత సందులో జారుతుంది. ఒక దుమ్ము రేణువు, ఒక నూలు పోగు పడితే అది ఇరుక్కుంటుంది, గేరు పడదు. షెడ్లలో తుడుచుకునే వేస్టు నూలు దగ్గరికే రాకూడదు. మావాళ్ళు మురికివాళ్ళని, స్నానం చెయ్యరని, మా పల్లెలోకొస్తే మైల అని చెప్పినవాళ్ళ కారు, ఊళ్ళోకెల్లా ఎక్కువ శుభ్రం కోరే సామాను పొట్టలో పెట్టుకుని, మా పల్లెలోకొచ్చి పడుకుంది.

మా అమ్మని పిలిచాను. ఆమె జీవితమంతా ఇతరుల గొడ్లచావిళ్ళు కడిగిన మనిషి. విషయం చెప్పాను. "దుమ్ము ఉండగూడదు, పోగు ఉండగూడదు, అంతేగా నాయనా" అంది. తెల్లారగట్ల లేచి వాకిలంతా పేడనీళ్ళు కాకుండా మంచినీళ్ళు చల్లి దుమ్ము అణిచేది. గాలి లేవకముందే, ఎండ ముదరకముందే పని చేసుకోవాలనేది. దూది పోగులు రాలతాయని నూలు గుడ్డలు ముట్టనివ్వలేదు. తన పాత నైలాను చీరె ఉడకబెట్టి, ఆరేసి, ముక్కలు చేసింది. నులకమంచం మీద చెక్కపలక, పలక మీద తెల్ల పాలిథిన్ కవరు, పైన దోమతెర కట్టించింది. దోమతెర ఆలోచన ఆమెదే. ఆ తెరలో కూర్చుని నేను వాల్వ్ బాడీ విప్పాను. తెర బయట ఈగలు, పల్లె పిల్లలు.

వాల్వ్ బాడీలో చిన్న చిన్న ఉక్కు గుళ్ళుంటయ్. ఏ గుండు ఏ గుంటలోదో తప్పితే అంతా తప్పినట్టే. అప్పటికి మా దగ్గర ఫోటో ఫోనులు లేవు. క్యాలెండరు వెనక ఆ పలక బొమ్మ వేసి, ఒక్కో గుండు, ఒక్కో స్ప్రింగు తీసినచోట అంకె రాసుకున్నాను. మా అక్క కూతురు నాగార్జున యూనివర్సిటీలో పి.జి. చదువుతూ సెలవులకొచ్చి ఉంది. ఉస్తాద్ ఇచ్చిన మాన్యువల్ జిరాక్సు ఆమె ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేది. "మావయ్యా, ఇక్కడ సందు ఇంత ఉండాలంటున్నాడు" అని మిల్లీమీటర్లు చెప్పేది. నేను ఫీలర్ గేజి పెట్టి చూసేవాణ్ణి. మా ఇంట్లో మూడు తరాలు కలిసి చేసిన మొదటి పని అది. అయ్య మంచంలో పడుకుని, దగ్గుకుంటూ, పిస్టను సీలు చేతిలోకి తీసుకుని అంచు వేలితో తడిమాడు. "బోరింగు వాచరేరా ఇది" అన్నాడు. ఆయనకి ఎవరూ చెప్పలేదు.

కిట్టు కోసం మద్రాసు పోయి జి.పి. రోడ్డులో తిరిగాను. ప్లేట్లు, సీల్సు, గాస్కెట్లు దొరికినయ్. కన్వర్టర్‌ని ఆటోనగర్ తీసుకుపోతే లేతు మీద అతుకు కోసి, లోపల కడిగి, లాకప్ పూత మార్చి, మళ్ళీ వెల్డింగు పెట్టించి ఇచ్చాడు ఉస్తాద్. కూలి తీసుకోలేదు. "బిగించాక ఫోను చెయ్యి" అన్నాడు, అంతే.

బిగించటం విప్పటమంత కాదు. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు పొడిగా వెయ్యకూడదు. రెండు గంటలు కొత్త నూనెలో నానాలి. మా అయ్య తోలు నానేసిన మట్టి తొట్టి పక్కనే అల్యూమినియం బేసినులో అవి నానినయ్. ఒక స్టీలు ప్లేటు, ఒక ఫ్రిక్షన్ ప్లేటు, ఒకదాని మీద ఒకటి. స్ప్రింగుని అణచటానికి కంపెనీ పనిముట్టు లేదు. మర కడ్డీ, రెండు ఇనప పట్టీలతో నేనే చేసుకున్నాను. బేరింగులు జారకుండా అంటించటానికి గ్రీజు వాడకూడదు. గ్రీజు ఆ నూనెలో కరగదు, కాలవల్లో అడ్డుపడుతుంది. కిరాణాకొట్లో వాసెలిన్ డబ్బా తెచ్చాం. అది వేడికి కరిగి నూనెలో కలిసిపోతుంది. పిస్టన్లు పనిచేస్తున్నయ్యో లేదో గాలితో పరీక్ష చెయ్యాలి. కంప్రెషరు లేదు. గాలి నింపిన లారీ టైరుకి గొట్టం తగిలించి, నూనె పోయే రంధ్రంలోకి వదిలాను. లోపల 'థడ్' మని ప్లేట్లు పట్టుకున్న చప్పుడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఎక్కించేటప్పుడు కన్వర్టర్‌ని తిప్పుతూ తిప్పుతూ లోపలికి పూర్తిగా కూర్చోబెట్టాలి. దాని మెడ పంపు గాడిలో పడాలి. పడకుండా బోల్టులు బిగిస్తే పంపు పగిలిపోద్ది. పడిందో లేదో స్కేలు పెట్టి లోతు కొలిచాను. రేడియేటరు కొత్తది వేయించాను. పంతొమ్మిదో రోజు సాయంత్రం ఇంజను వేశాను. లీవరు డి లోకి లాగితే బండి ముసలావులాగా మెల్లగా కదిలింది. గుంటూరు రోడ్డు మీద సంగంజాగర్లమూడి దాకా పోయొచ్చాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గేరు పడిన సంగతి ఒంటికి తెలియలేదు. తెలియకపోవటమే మా పని బాగుందనటానికి గుర్తు.

ఇంజనీరుగారు మర్నాడొచ్చాడు. ఈసారి పల్లెలోకి నడిచొచ్చాడు. అమ్మ కుర్చీ వేసి, గ్లాసు కడిగి మంచినీళ్ళిచ్చింది. "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అన్నాడు. మే నెల, పన్నెండు గంటల ఎండ. గ్లాసు అమ్మ చేతిలోనే ఉండిపోయింది. బండి నడిపి చూసుకుని, సంతోషపడి, "ఏమోయ్, ఎక్కడ నేర్చుకున్నావు? మీవాళ్ళలో ఇట్లాంటి బుర్రలు తక్కువ" అన్నాడు. అది మెప్పుదల అనుకున్నాడాయన. పదిహేను వేలు లెక్కపెట్టిచ్చి, "షెడ్డు అద్దె లేదుగా, ఇంట్లోనేగా చేసింది" అన్నాడు. షెడ్డు ఎందుకు లేదో ఆయనకెవరు చెప్పాలి?

మూడువేలు పోయినందుకు నాకంత బాధ లేదు. నెల తర్వాత తెనాలిలో ఒకాయన నాతోనే అన్నాడు, "ఫలానా వాళ్ళ కారు గేరుబాక్సు బెజవాడ ఆటోనగర్‌లో బ్రహ్మాండంగా చేశారంట" అని. ఎవరు చెప్పారంటే ఇంజనీరుగారే. మాదిగపల్లెలో, వేపచెట్టు కింద, ఒక మాదిగ ముసలమ్మ నైలాను చీరె ముక్కలతో తుడిచిన సామానుతో తన కారు నడుస్తోందని చెప్పుకోవటానికి ఆయనకి నోరు రాలేదు. మా చేతిపని తీసుకుపోయి, మా చిరునామా ఇక్కడే వదిలేశాడు. చెప్పులు తీసుకుపోయి కుట్టినవాణ్ణి వాకిలి బయట నిలబెట్టినట్టే. మా అయ్య కాలంలో ఇది నోటితో చెప్పి చేసేవాళ్ళు. ఇప్పుడు నవ్వుతూ చేస్తున్నారు.

నేను పోయి ఆయనతో తగాదా పడలేదు. తెనాలిలో ప్రెస్సుకి పోయి బిల్లుబుక్కులు వెయ్యమన్నాను. పైన ఆటోమేటిక్ గేరుబాక్సు పనులు, కింద నా పేరు, ఆ కింద 'మాదిగపల్లె, అంగలకుదురు'. ప్రెస్సాయన, "అంగలకుదురు అంటే చాలదా, పల్లె ఎందుకు, గిరాకీ పోద్ది" అన్నాడు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. "గిరాకీ రానీ పోనీ, అక్షరాలు మాత్రం పెద్దవి వెయ్యండి" అన్నాను. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక మావాళ్ళు పేరు చివర మాదిగ అని పెట్టుకోవటం నేర్చుకున్నారు. నేను బిల్లు పైన పెట్టుకున్నాను. అప్పణ్ణించీ బిల్లు తీసుకోనివాడికి తాళం ఇవ్వలేదు. కొందరు బిల్లు మడిచి జేబులో దాచుకునేవాళ్ళు. కొందరు రాలేదు. ఎక్కువమంది వచ్చారు, ఎందుకంటే గేరుబాక్సు పాడైనవాడికి చిరునామా కంటే పని ముఖ్యం. కొంతమంది నీళ్ళు కూడా తాగారు. ఆ సంగతీ చెప్పాలి, చెప్పకపోతే అబద్ధమవుతుంది.

అయ్య 2005లో పోయాడు. ఇంటరు ఫెయిలైన కుర్రాడు నా దగ్గర ఆరేళ్ళు పనిచేసి, ఇప్పుడు హైదరాబాదులో ఆటోమేటిక్ గేరుబాక్సులు మాత్రమే చేసే షెడ్డు నడుపుతున్నాడు. మా అక్క కూతురు లెక్చరరయింది. కార్లు మారినయ్. 2014లో మారుతి సెలేరియోతో మామూలు గేరుబాక్సుకే కంప్యూటరు చేతులు తగిలించిన పద్ధతి ఒకటి వచ్చింది. ఇప్పుడు గేర్లు మార్చే పనే లేని కరెంటు కార్లొస్తున్నయ్. రేపు మా పల్లె పిల్లలు బ్యాటరీలు, మోటార్లు విప్పాలి. అవి నేర్పే చోట మళ్ళీ ఎవడో ఒకడు టీకి పంపుతాడు. పోవద్దని వాళ్ళకి చెప్తున్నాను.

రిజర్వేషన్ల మాటొచ్చినప్పుడల్లా మెరిట్టు మెరిట్టు అంటారు. తోలుకి వాటం తెలిసిన మా అయ్యకున్నది మెరిట్టు కాదా? పుస్తకం ముఖం చూడకుండా దోమతెర కట్టమని చెప్పిన మా అమ్మకున్నది? శుభ్రమంటే మడికట్టుకుని ఇంకొకడు తాకకుండా ఉండటం కాదు. ఒక పని సరిగ్గా జరగటానికి దుమ్ముని దూరం పెట్టటం. మడి గురించి వెయ్యేళ్ళు మాట్లాడినవాళ్ళకి అది చేతకాలేదు. గొడ్డుచావిడి కడిగిన చేతులకి ఒక్క పూటలో అర్థమైంది.

ఉద్యమాల్లో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. మన పాటల్ని, మన డప్పుని మనవని చెప్పుకున్నాం. మంచిదే. మన పనితనాన్ని కూడా మనదని చెప్పుకోవాలి. మీ పల్లెలో బోర్లు దించేవాళ్ళున్నారు, ట్రాన్స్‌ఫార్మర్లెక్కేవాళ్ళున్నారు, ట్రాక్టరు పంపులు విప్పేవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర కూర్చోండి. వాళ్ళకి తెలిసింది రాయండి. రాసిన కాగితం కింద పల్లె పేరు కూడా వెయ్యండి.